అభియోగపత్రంలో చోటు దక్కని యుద్ధం



రిచర్డ్ నిక్సన్ పేరు చెప్పగానే మనలో చాలామందికి వాటర్‌గేట్ గుర్తుకొస్తుంది. ప్రతిపక్షం కార్యాలయంలోకి మనుషులు దొంగచాటుగా జొరబడడం, అధ్యక్ష భవనం దాన్ని కప్పిపుచ్చడం, తన గదిలో తానే రికార్డు చేయించుకున్న టేపులు చివరికి తననే పట్టివ్వడం, 1974 ఆగస్టు 9న పదవి వదిలి వెళ్లిపోవడం. అంతటి అధ్యక్షుణ్ణీ అమెరికన్లు నిలదీశారని ఆ కథను మనం మెచ్చుకుంటూ చెప్పుకుంటాం. మెచ్చుకోదగ్గదే. అయితే ఆ కథలోనే ఒక ఓటింగు ఉంది. దాని ప్రస్తావన పెద్దగా ఎవరూ తేరు. ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది దాని గురించే.

1974 జూలై 30. వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభకు చెందిన జ్యుడీషియరీ కమిటీ కూర్చుంది. మొత్తం 38 మంది. 21 మంది డెమొక్రాట్లు, 17 మంది రిపబ్లికన్లు. దేశమంతా టీవీల ముందు కూర్చుని చూస్తోంది. దర్యాప్తుకు అడ్డుపడ్డారన్న అభియోగం అప్పటికే 27-11తో నెగ్గింది. అధికార దుర్వినియోగం అభియోగం 28-10తో నెగ్గింది. కమిటీ అడిగిన టేపులూ కాగితాలూ ఇవ్వలేదన్న మూడో అభియోగం ఆ రోజే 21-17తో బయటపడింది. తర్వాత డెట్రాయిట్ ప్రతినిధి జాన్ కోన్యర్స్ మరో అభియోగం ముందుపెట్టారు. కంబోడియా మీద రహస్యంగా బాంబులు వేయించి, ఆ సంగతి కాంగ్రెస్‌కు తెలియకుండా దాచి, అడిగినప్పుడు తప్పుడు లెక్కలు చూపించారని. 12 మంది ఔనన్నారు. 26 మంది కాదన్నారు. అభియోగం వీగిపోయింది.

ఔనన్న 12 మందీ డెమొక్రాట్లే. కాదన్నవారిలో 17 మంది రిపబ్లికన్లతో పాటు 9 మంది డెమొక్రాట్లు ఉన్నారు. దొంగతనాన్ని కప్పిపుచ్చడం అధ్యక్షుణ్ణి తొలగించాల్సిన నేరమని తేల్చిన కమిటీ, ఒక తటస్థ దేశం మీద పద్నాలుగు నెలల పాటు దొంగలెక్కలతో బాంబులు కురిపించడం అలాంటి నేరం కాదని తేల్చింది. అది తప్పుడు నిర్ణయమని నా గట్టి నమ్మకం. ఆ తర్వాతి అర్ధ శతాబ్దంలో అమెరికా యుద్ధాల మీద జరిగిన ప్రతి అభిశంసన చర్చకూ దారి అక్కడే పడింది.

ముందు అభిశంసన సంగతి రెండు మాటల్లో చెబుతాను. మన దగ్గర ప్రధానమంత్రి మీద లోక్‌సభకు నమ్మకం లేదని తేలితే చాలు, ప్రభుత్వం పడిపోతుంది. 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పోయింది. అందుకు ఆయన ఏదో నేరం చేశారని ఎవరూ రుజువు చేయాల్సిన పని పడలేదు. అమెరికా అధ్యక్షుడు అలా కాదు. నాలుగేళ్లకు ఎన్నికైనవాడు నాలుగేళ్లూ ఉంటాడు. మధ్యలో దించాలంటే దేశద్రోహం, లంచం, లేదా వాటితో సమానమైన ఘోరమైన అపరాధం చేశాడని ప్రతినిధుల సభ మామూలు మెజారిటీతో అభియోగం మోపాలి. ఆపైన సెనేట్ విచారణ జరిపి మూడింట రెండొంతుల ఓట్లతో దోషిగా తేల్చాలి. 100 మంది సెనేట్‌లో 67 మంది కావాలి. ఇంతవరకూ ఏ అధ్యక్షుడి మీదా అన్ని ఓట్లు పడలేదు. 67 ఓట్లు ఒక్క పార్టీకి ఉండడం అరుదు. కాబట్టి అధ్యక్షుడి సొంత పార్టీ వాళ్లు కొందరైనా తమ నాయకుణ్ణి కాదని రాజ్యాంగం వైపు నిలబడితే తప్ప ఆ అస్త్రం పనిచేయదు.

ఇక కంబోడియా సంగతి. 1969 మార్చి 18న మొదలైంది. వియత్నాం సరిహద్దు దాటి కంబోడియా అడవుల్లో ఉత్తర వియత్నాం సేనలు మకాం పెట్టాయని, వాటిని చావగొట్టాలని నిక్సన్ బీ-52 విమానాలను పంపారు. 1970 మే దాకా లక్షా 8 వేల టన్నులకు పైగా బాంబులు పడ్డాయి. దాడులకు బ్రేక్‌ఫాస్ట్, లంచ్, డిన్నర్ అని భోజనాల పేర్లు పెట్టారు. అన్నిటికీ కలిపి మెనూ అన్నారు. మనుషులు చచ్చే పనికి ఆ పేర్లు పెట్టడానికి ఎవరికి మనసొప్పిందో!

దీన్ని ఎలా దాచారో చెప్పిన మనిషి హాల్ నైట్ అనే వైమానిక దళ అధికారి. దక్షిణ వియత్నాంలో బియెన్ హోవా రాడార్ కేంద్రంలో ఆయన పని. విమానం ఎక్కడికి వెళ్లాలో, ఏ క్షణంలో బాంబులు వదలాలో కింద నుంచి చెప్పేది ఆ కేంద్రమే. పైకి అందరికీ తెలిసేలా దక్షిణ వియత్నాంలో ఫలానా చోట దాడి అని ఉత్తర్వు వచ్చేది. సాయంత్రానికి సైగాన్ నుంచి ప్రత్యేకంగా ఒక మనిషి కవరు పట్టుకొచ్చేవాడు. అందులో అసలు గుర్తులుండేవి. అవన్నీ సరిహద్దుకు అవతలివి. రాత్రి ఆ లెక్కల ప్రకారం విమానాలను నడిపించేవారు. తెల్లవారగానే నైట్ ఆ కాగితాలన్నీ ఒకచోట చేర్చి కాల్చేసేవారు. తర్వాత కూర్చుని, దాడి దక్షిణ వియత్నాంలోనే జరిగిందని నివేదిక నింపేవారు. మామూలు గుమాస్తా పనిలాగే ఇదంతా సాగిపోయింది. పై అధికారికి చెబితే నోరు మూసుకోమన్నారు. 1973లో ఆయన సెనేటర్ విలియం ప్రాక్స్‌మైర్‌కు ఉత్తరం రాశారు. ఆ జూలైలో సెనేట్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పారు. సెనేట్‌కు పెంటగన్ అంతకుముందు ఇచ్చిన లెక్కల్లో కంబోడియా దాడులు లేనే లేవని అప్పుడు తేటతెల్లమైంది.

ఆ నెల 31న మసాచుసెట్స్ ప్రతినిధి రాబర్ట్ డ్రైనన్ నిక్సన్ మీద మొట్టమొదటి అభిశంసన తీర్మానం ప్రవేశపెట్టారు. ఆయన జెస్యూట్ ఫాదర్. ఆయన తీర్మానానికి ప్రాణం వాటర్‌గేట్ కాదు, కంబోడియా. సొంత పార్టీ నాయకులకే అది కొరుకుడు పడలేదు. రిపబ్లికన్లు వెంటనే ఓటింగుకు పట్టుబట్టి చిత్తుగా ఓడిస్తే, ఇక నిక్సన్ జోలికి వెళ్లడానికే వీలుండదని డెమొక్రాట్ పెద్దలు భయపడ్డారు. తీర్మానం అక్కడే ఉండిపోయింది.

అదే వేసవిలో జరిగిన మరో సంగతి ఉంది. నా ఉద్దేశంలో మొత్తం వ్యవహారానికి తాళంచెవి అక్కడే దొరుకుతుంది. 1973 జనవరిలో పారిస్ ఒప్పందం కుదిరి వియత్నాం నుంచి అమెరికా సైన్యం వెనక్కి వచ్చేసింది. అయినా కంబోడియా మీద బాంబులు ఆగలేదు. ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా రెండున్నర లక్షల టన్నులకు పైగా వేశారు. ఈసారి రహస్యమేమీ లేదు, అందరికీ తెలిసే జరిగింది. జూన్‌లో కాంగ్రెస్ ఆ దాడులకు డబ్బు ఆపేస్తూ బిల్లు చేసింది. నిక్సన్ వీటో చేశారు. అప్పుడు కాంగ్రెస్ నాయకులు ఆయనతో రాజీకి వచ్చారు. ఆగస్టు 15 నుంచి బాంబులు ఆపాలి. అంటే అప్పటిదాకా వేసుకోవచ్చు. సుమారు ఆరు వారాల గడువు. చేతిలో అధికారం ఉన్న సభ, ఈ దాడులు తప్పని నమ్మిన సభ, ఇంకో నెలన్నర పాటు సాగనిచ్చింది.

బ్రూక్లిన్ నుంచి కొత్తగా గెలిచి వచ్చిన ఎలిజబెత్ హోల్ట్‌జ్‌మన్‌కు అప్పుడు 31 ఏళ్లు. ఆమె కోర్టుకెక్కారు. కాంగ్రెస్ అనుమతి లేని ఈ దాడులు రాజ్యాంగవిరుద్ధమని జిల్లా జడ్జి తీర్పిచ్చారు. పై కోర్టు దాన్ని ఆపింది. సుప్రీంకోర్టుకు వేసవి సెలవులు. జస్టిస్ విలియం డగ్లస్ దేశానికి ఆ చివర, వాషింగ్టన్ రాష్ట్రంలోని కొండల్లో తన కుటీరంలో ఉన్నారు. అక్కడికే వెళ్లి ఆయన్ను పట్టుకున్నారు. యాకిమా ఊళ్లో కోర్టు తెరిపించి ఆయన వాదనలు విన్నారు. ఉరిశిక్ష కేసులో ప్రాణం పోకుండా స్టే ఇచ్చినట్టే ఇక్కడా ఇవ్వాలి, ఎవరో ఒకరు చనిపోబోతున్నారు కదా అన్నది ఆయన తర్కం. ఆగస్టు 4న బాంబులు ఆపమని ఉత్తర్వు ఇచ్చారు. కొన్ని గంటల్లోనే మిగతా న్యాయమూర్తులు ఆ ఉత్తర్వును కొట్టేశారు.

మూడు రోజులు తిరక్కుండానే మెకాంగ్ నది ఒడ్డున నీక్ లుఓంగ్ అనే ఊరి మీద బీ-52 బాంబులు పడ్డాయి. శత్రువుల ఊరు కాదది, అమెరికా మద్దతుతో నడుస్తున్న ప్రభుత్వం చేతిలో ఉన్న ఊరు. విమానాలకు దిక్కు చూపడానికి ఊరి మధ్యలో ఒక రేడియో పరికరం పెట్టారు. ఆ పరికరం నుంచి ఇంత దూరం, ఈ దిక్కున అని లెక్కగట్టి బాంబులు వేయాలి. విమానంలో నావిగేటర్ ఒక స్విచ్ వేయడం మరిచిపోయాడు. దాంతో బాంబులు సరిగ్గా ఆ పరికరం ఉన్న చోటే పడ్డాయి. 137 మంది చనిపోయారు, 268 మంది గాయపడ్డారు. డగ్లస్ ఉత్తర్వు నిలిచి ఉంటే, లేదా కాంగ్రెస్ ఆ గడువు ఇవ్వకపోయి ఉంటే, వాళ్లు బతికి ఉండేవాళ్లు. ఆ విమానాన్ని పంపినది నిక్సన్. దానికి ఆగస్టు 15 దాకా అనుమతి రాసిచ్చినది కాంగ్రెస్.

ఇప్పుడు మళ్లీ 1974 జూలై 30 నాటి కమిటీ గదికి వద్దాం. కోన్యర్స్, డ్రైనన్, హోల్ట్‌జ్‌మన్ ముగ్గురూ ఆ 38 మందిలో ఉన్నారు. యుద్ధం ప్రకటించే అధికారాన్ని రాజ్యాంగం అధ్యక్షుడికి కాదు, కాంగ్రెస్‌కు ఇచ్చింది. సభకు అబద్ధం చెప్పి ఆ అధికారాన్ని లాక్కోవడం కన్నా పెద్ద నేరం ఏముంటుందన్నది వాళ్ల వాదన. ఎదుటివాళ్ల దగ్గరా వాదనలున్నాయి. కొందరు పెద్ద సెనేటర్లకు నిక్సన్ చెవిన వేశారట కదా అన్నారు. బాంబుల సంగతి బయటపడ్డాక కూడా కాంగ్రెస్ డబ్బు ఇస్తూనే ఉంది కదా అన్నారు. లిండన్ జాన్సన్ చేసినదీ ఇలాంటిదే కదా అన్నారు. 1964 ఆగస్టులో టోంకిన్ సింధుశాఖ తీర్మానంతో జాన్సన్‌కు పగ్గాలు వదిలేసినప్పుడు ప్రతినిధుల సభలో వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు. 416-0. సెనేట్‌లో వద్దన్నవారు ఇద్దరే.

ఈ వాదనల్లో నిజం లేకపోలేదు. అసలు చిక్కూ అదే. నిక్సన్‌ను యుద్ధం విషయంలో బోనెక్కిస్తే, పక్కనే తామూ నిలబడాలని కమిటీకి తెలుసు. పైగా వాటర్‌గేట్ అభియోగాలకు ఆరేడుగురు రిపబ్లికన్లు తోడొచ్చారు. వర్జీనియా నుంచి కాల్డ్‌వెల్ బట్లర్, మేరీలాండ్ నుంచి లారెన్స్ హోగన్, మెయిన్ నుంచి విలియం కోహెన్. సొంత అధ్యక్షుడి మీద ఓటు వేయడానికి వాళ్లకు ఎంత గుండె కావాలో ఆలోచించండి. ఇళ్లకు తిట్ల ఉత్తరాలు వచ్చాయి, పార్టీలో అయినవాళ్లే దూరమయ్యారు. యుద్ధం అభియోగం కూడా కలిపితే ఆ రిపబ్లికన్లు జారిపోతారన్న భయం డెమొక్రాట్లకు ఉంది. రాజకీయ లెక్క ప్రకారం అది సరైన లెక్కే. ఆ లెక్క సరిపోవడం కోసం కంబోడియా రైతుల సంగతి పక్కకు పెట్టారు. ఇదే నిక్సన్ 1971 డిసెంబరులో, పాకిస్తాన్‌తో యుద్ధంలో మన విశాఖ తీరంలో వాళ్ల ఘాజీ జలాంతర్గామి మునిగిన ఆ రోజుల్లోనే, ఎంటర్‌ప్రైజ్ యుద్ధనౌకను బంగాళాఖాతంలోకి పంపారు. దానికీ సభ అనుమతి ఏమీ లేదు. సముద్రానికి ఈ ఒడ్డున ఉన్న మనకు ఆ 26-12 ఓటు దూరపు కథ కాదు.

యుద్ధం నడుస్తుండగా అధ్యక్షుణ్ణి తప్పుపట్టడం దేశద్రోహమన్న మాట అమెరికాలో చాలా పాతది. 1848 జనవరిలో, మెక్సికోతో యుద్ధం ఇంకా ముగియకముందే, ఆ యుద్ధాన్ని అధ్యక్షుడు జేమ్స్ పోక్ అనవసరంగా, రాజ్యాంగవిరుద్ధంగా మొదలుపెట్టారని ప్రతినిధుల సభ 85-81తో తీర్మానించింది. ఔనన్నవారిలో ఇలినాయ్ నుంచి కొత్తగా వచ్చిన ఒక పొడుగాటి వకీలు ఉన్నారు, పేరు అబ్రహాం లింకన్. అమెరికన్ల రక్తం మొదట ఒలికిన ఆ చోటు అసలు ఎవరి నేల, చూపించండి అని ఆయన అంతకుముందే నిలదీశారు. ప్రత్యర్థి పత్రికలు ఆయన్ను ఆ మాటతోనే వెక్కిరించాయి. మరి 15 ఏళ్లు గడిచాక తానే అధ్యక్షుడిగా అంతర్యుద్ధం నడుపుతున్నప్పుడు, ఆ యుద్ధాన్ని తిట్టిన ఒహాయో డెమొక్రాట్ నేత వల్లాండిగమ్‌ను సైన్యం అరెస్టు చేస్తే ఆయన దాన్ని సమర్థించారు. లింకన్ మీద నాకున్న గౌరవం చిన్నది కాదు. అయినా 1848 నాటి లింకనే సరైనవారని చెబుతాను.

1998 డిసెంబరులో క్లింటన్ మీద అభిశంసన ఓటింగు ఇక మొదలవుతుందనగా, 16న ఆయన ఇరాక్ మీద దాడులకు ఆదేశించారు. చర్చ ఒక రోజు వాయిదా పడింది. మన సైనికులు యుద్ధంలో ఉండగా సర్వసేనానిని విచారిస్తారా అని డెమొక్రాట్లు మండిపడ్డారు. రాజ్యాంగం పని ఎవరి కోసమూ ఆగదని రిపబ్లికన్లు పట్టుబట్టి 19న అభియోగాలు నెగ్గించారు. అభియోగాలు ఒక వ్యక్తిగత సంబంధం గురించి ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం మీద. ఆరేడేళ్లు తిరిగేసరికి రెండు పార్టీలూ ఒకరి మాట ఒకరు అరువు తెచ్చుకున్నారు. ఇరాక్ యుద్ధంలో బుష్‌ను నిలదీస్తే సైన్యం ధైర్యం దెబ్బతింటుందన్నది రిపబ్లికన్ల మాట. రాజ్యాంగం అధ్యక్షుడి కన్నా గొప్పదన్నది డెమొక్రాట్ల మాట.

ఆ బుష్ కాలంలో జాన్ కోన్యర్స్ మళ్లీ కనిపిస్తారు. 1974లో యుద్ధం అభియోగం పెట్టిన ఆయనే. 2005 మే 1న లండన్‌లో సండే టైమ్స్ పత్రిక బ్రిటిష్ ప్రభుత్వ రహస్య సమావేశం తాలూకు మినిట్స్ బయటపెట్టింది. 2002 జూలై నాటికే బుష్ యుద్ధానికి సిద్ధపడిపోయారని, గూఢచారి సమాచారాన్ని దానికి తగ్గట్టు సర్దుతున్నారని అందులో ఉంది. యుద్ధానికి కారణంగా చూపిన సామూహిక మారణాయుధాలు ఇరాక్‌లో లేవని అప్పటికే తేలిపోయింది. కోన్యర్స్ జూన్ 16న విచారణ పెట్టారు. సభలో మెజారిటీ రిపబ్లికన్లది, వాళ్లు కమిటీ గది ఇవ్వలేదు. క్యాపిటల్ భవనం నేలమాళిగలో ఒక ఇరుకు గదిలో, సభ్యులూ విలేకరులూ ఒకరి మీద ఒకరు పడేలా కూర్చుని సాక్షుల మాటలు విన్నారు. ఆ డిసెంబరులో అభిశంసనకు కారణాలున్నాయేమో పరిశీలించే కమిటీ వేయమని ఆయన తీర్మానం పెట్టారు.

2006 మార్చిలో వెర్మాంట్ రాష్ట్రంలో న్యూఫేన్ అనే చిన్న ఊరి వార్షిక సభ జరిగింది. మన గ్రామసభ లాంటిదే, రోడ్లు, బడ్జెట్ లాంటి ఊరి పనులు చేతులెత్తి తేల్చుకుంటారు. ఆ రోజు 121-29తో, బుష్‌ను అభిశంసించమని తమ ప్రతినిధిని కోరారు. మరుసటి ఏడాది ఆ రాష్ట్ర సెనేటే 16-9తో అదే మాట అంది. వాషింగ్టన్‌లో మాత్రం డెమొక్రాట్ నాయకురాలు నాన్సీ పెలోసీ, తాము గెలిస్తే అభిశంసన ప్రస్తావనే ఉండదని ఎన్నికల ముందే తేల్చి చెప్పారు. డెమొక్రాట్లు వస్తే బుష్‌ను అభిశంసిస్తారని బెదిరించి రిపబ్లికన్లు విరాళాలు పోగుచేస్తున్నారు. ఆ భయాన్ని పోగొట్టాలని ఆమె ఎత్తుగడ. నవంబరులో డెమొక్రాట్లు గెలిచారు. కోన్యర్స్ జ్యుడీషియరీ కమిటీ అధ్యక్షులయ్యారు. 1974లో తనకు లేని అధికారం ఇప్పుడు ఆయన చేతికొచ్చింది.

ఆయన విచారణ మొదలుపెట్టలేదు.

2007 జూలై 23న సిండీ షీహన్ ఆయన ఆఫీసుకు వచ్చారు. ఆమె కొడుకు కేసీ 2004 ఏప్రిల్‌లో బాగ్దాద్‌లో చనిపోయాడు. అభిశంసన మొదలుపెట్టమని ఆమె, తోటివాళ్లు అక్కడే బైఠాయించారు. తగినన్ని ఓట్లు లేవని కోన్యర్స్ చెప్పారు. కదలనన్న ఆమెను, మరో నలభై మందికి పైగా ఉద్యమకారులను పోలీసులు అరెస్టు చేశారు. ఓట్లు లేవన్నమాట నిజమే. బుష్ పోతే వచ్చేది ఉపాధ్యక్షుడు చేనీ అన్నదీ నిజమే. కానీ దర్యాప్తుకు 67 ఓట్లు అక్కర్లేదు. 1974లో దర్యాప్తు మొదలైనప్పుడూ 67 ఓట్లు లేవు. సాక్ష్యం ఒక్కొక్కటే బయటికి వస్తే ఓట్లు కదిలాయి. ఇది అందరికన్నా బాగా తెలిసినవారు కోన్యర్స్.

ఆ నవంబరు 6న సభలో జరిగినది వింటే మీకూ మనసు చివుక్కుమంటుంది. ఒహాయో ప్రతినిధి డెనిస్ కుసినిచ్ చేనీ మీద అభిశంసన తీర్మానాన్ని సభ ముందుకు తెచ్చారు. దాన్ని పక్కన పెట్టేయాలని డెమొక్రాట్ నాయకత్వమే ప్రతిపాదించింది. మొదట రిపబ్లికన్లూ దానికే ఓటేశారు. ఓటింగు సాగుతుండగా వాళ్లకో ఆలోచన వచ్చింది. చర్చ జరగనిస్తే డెమొక్రాట్లే ఇరకాటంలో పడతారు కదా అని ఒకరి తర్వాత ఒకరు ఓట్లు తిప్పేశారు. చేనీని కాపాడాల్సిన పార్టీ అభిశంసన చర్చ కావాలంటోంది, చేనీని తప్పుపట్టే పార్టీ వద్దంటోంది! చివరికి 218-194తో తీర్మానాన్ని కమిటీకి పంపి చేతులు దులుపుకున్నారు. అప్పటికి ఇరాక్‌లో 3,800 మందికి పైగా అమెరికన్ సైనికులు చనిపోయారు. చనిపోయిన ఇరాకీలు అంతకు ఎన్నో రెట్లు. ఆ సాయంత్రం ఇరు పక్షాలూ చూసుకున్నది ఎవరిని ఎవరు ఇరికించారన్నదే. 2008 జూన్‌లో కుసినిచ్ బుష్ మీద 35 అభియోగాలు సభలో నిలబడి గంటల తరబడి చదివారు. అవి కూడా 251-166తో కమిటీకి వెళ్లాయి. అక్కడి నుంచి బయటికి రాలేదు.

డెమొక్రాట్లు ఎందుకు జంకారో తెలియాలంటే 2002 అక్టోబరుకు వెళ్లాలి. ఇరాక్ మీద బలప్రయోగానికి అనుమతి ఇచ్చే తీర్మానం ప్రతినిధుల సభలో 296-133తో, సెనేట్‌లో 77-23తో నెగ్గింది. జాన్ కెర్రీ, హిల్లరీ క్లింటన్, జో బైడెన్ ముగ్గురూ ఔనన్నారు. బుష్‌ను బోనెక్కిస్తే, ఆ రోజు మీరేం చదివి ఓటేశారని ఎవరైనా అడుగుతారు. 1974లో కమిటీని వెనక్కి లాగినదే ఇక్కడా లాగింది.

ఇంతవరకు ప్రతినిధుల సభ అధ్యక్షుల మీద నాలుగుసార్లు అభియోగాలు నెగ్గించింది. 1868లో ఆండ్రూ జాన్సన్, 1998లో క్లింటన్, 2019లోనూ 2021లోనూ ట్రంప్. నాలుగింటిలో ఒక్కటీ అమెరికా చేసిన యుద్ధం గురించి కాదు. 1973లో నిక్సన్ వీటోను కాదని తెచ్చిన యుద్ధాధికారాల చట్టం, సైన్యాన్ని దింపిన 48 గంటల్లో సభకు చెప్పాలని, సభ ఒప్పుకోకపోతే 60 రోజుల్లో వెనక్కి పిలవాలని అంటుంది. రెండు పార్టీల అధ్యక్షులూ దాన్ని పక్కకు నెట్టుకుంటూనే వచ్చారు. 1942 తర్వాత అమెరికన్ కాంగ్రెస్ లాంఛనంగా ఒక్క యుద్ధమూ ప్రకటించలేదు. యుద్ధాలు మాత్రం ఆగలేదు. 2025 జూన్‌లో ట్రంప్ సభను అడగకుండా ఇరాన్ అణుకేంద్రాల మీద బాంబులు వేయించారు. టెక్సాస్ ప్రతినిధి ఆల్ గ్రీన్ అభిశంసన తీర్మానం తెచ్చారు. 344-79తో దాన్ని పక్కన పెట్టేశారు. పక్కన పెట్టినవారిలో డెమొక్రాట్లూ వందకు పైనే.

యుద్ధ సమయంలో ప్రశ్నలు వేస్తే దేశం బలహీనపడుతుందంటారు. మన దగ్గర 1962లో చైనా సేనలు ముందుకొస్తుండగానే, అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న వాజ్‌పేయి పార్లమెంటును పిలవమన్నారు. నెహ్రూ పిలిచారు. నవంబరు 8న సభ కూర్చుంది. రక్షణ మంత్రి కృష్ణమీనన్‌ను దించాలని పట్టుబట్టినవారిలో నెహ్రూ సొంత పార్టీ సభ్యులే ముందున్నారు. సభ మొదలయ్యేలోపే మీనన్ దిగిపోయారు. ఆ ప్రశ్నల వల్ల మన సైన్యం బలహీనపడలేదు. అంతకుముందు ఏళ్లలో గట్టిగా అడగకపోవడం వల్లే బలహీనపడింది.

నా అభిప్రాయం దాచుకోను. 1974లో ఆ 12 మందిదే సరైన ఓటు. యుద్ధం గురించి సభకు అబద్ధం చెప్పడం అభిశంసించాల్సిన నేరమని ఆ రోజు ఒక్కసారి రాసిపెట్టి ఉంటే, తర్వాత వచ్చిన ప్రతి అధ్యక్షుడూ సంతకం పెట్టే ముందు దాన్ని తలుచుకోవాల్సి వచ్చేది.

శ్రోతల్లో చాలామంది ఇళ్లలో కొడుకో కూతురో అమెరికాలో స్థిరపడి ఉంటారు. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో పౌరసత్వం తీసుకుని ఓటు వేస్తూ ఉంటారు. ఈసారి ఫోన్ చేసినప్పుడు పిల్లల చదువులూ ఉద్యోగాల సంగతులూ అయ్యాక, మీ ప్రతినిధి యుద్ధం మీద ఎటు ఓటేశాడో తెలుసా అని అడగండి. ఏ పార్టీ అన్నది తర్వాత. తెలియకపోతే కనుక్కోమనండి. సభ అనుమతి లేకుండా సైన్యాన్ని పంపితే అధ్యక్షుడు తమ పార్టీవాడైనా నిలదీస్తారా అని ఆ ప్రతినిధికి ఉత్తరం రాయమనండి. యుద్ధం మొదలయ్యాక కాదు, మొదలవ్వకముందే రాయమనండి.